వానాకాలంలో హాకీ పిల్లలకు ఫ్లోర్‌బాల్: చెన్నైలో హాలు వెతకడం నుంచి మళ్ళీ గ్రౌండ్‌లో దిగేదాకా

అక్టోబరు వచ్చేసరికి చెన్నైలో హాకీ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ప్రతి ఏడూ అవే రెండు ప్రశ్నలు అడుగుతారు. "గ్రౌండ్ తడిసిపోతే ప్రాక్టీసు ఎలా సార్?" అనేది మొదటిది. "ఆ ఫ్లోర్‌బాల్ ఆడిస్తే మావాడి హాకీ చెడిపోదా?" అనేది రెండోది. ఫ్లోర్‌బాల్ అంటే తేలిక స్టిక్, ప్లాస్టిక్ బంతితో హాల్లో ఆడే హాకీ లాంటి ఆట. ఎగ్మూరు మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం లాంటి టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద రోజూ ఆడే అవకాశం కొద్దిమందికే ఉంటుంది. పెరంబూరు, విల్లివాక్కం, ఆవడి వైపు మన పిల్లల్లో చాలామంది స్కూలు మట్టి గ్రౌండ్‌లోనే ఆడతారు. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక ఆ మట్టి ఆరడానికి రోజులు పడుతుంది.

రెండో ప్రశ్నకు నా జవాబు: ఊరికే ఆడుకోమని వదిలేస్తే కొంత చెడుతుంది, పద్ధతిగా ఆడిస్తే చాలా మేలు జరుగుతుంది. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి దేశాల్లో ఐస్ హాకీ పిల్లలు మంచు మీద లేని వేళల్లో హాల్లో ఫ్లోర్‌బాల్ ఆడతారు. మన పిల్లలది నేల మీద హాకీ, రూల్స్ వేరు. అందుకని వాళ్ళ పద్ధతి ఉన్నదున్నట్టు తెచ్చుకోకుండా కొన్ని మార్పులు చేసుకోవాలి. ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ పిల్లల్ని ఆడించే కోచ్‌లూ తల్లిదండ్రులూ వరసగా చేయాల్సిన పనులు ఇవి.

1. ఏది అబ్బుతుంది, ఏది అబ్బదు

ఫ్లోర్‌బాల్ బంతి అడ్డుకొలత 72 మిల్లీమీటర్లు, బరువు 23 గ్రాములు. 26 బెజ్జాలున్న బోలు ప్లాస్టిక్ బంతి అది. హాకీ బంతి సైజూ ఇంచుమించు అంతే, బరువు మాత్రం 156 నుంచి 163 గ్రాములు. అంటే కంటికి అదే బంతి, చేతికి ఏడో వంతు బరువు. లాభనష్టాలన్నీ ఇక్కడినుంచే పుడతాయి.

తేలిక బంతి బిగుసుకున్న చేతుల్ని క్షమించదు. స్టిక్ గట్టిగా పెడితే ఎగిరి అవతల పడుతుంది. అందుకే మెత్తగా అందుకోవడం త్వరగా వస్తుంది. చోటు చిన్నది కావడంతో తల ఎత్తి చూడటం, వెంటనే నిర్ణయం తీసుకోవడం, పాస్ ఇచ్చి కదలడం అలవాటవుతాయి.

హిట్ బలం మాత్రం రాదు. డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో ఈడ్చుకొచ్చి గోల్ వైపు విసరడం) రాదు. ఇండియన్ డ్రిబుల్‌లో (స్టిక్ తిరగేస్తూ బంతిని కుడికీ ఎడమకూ మార్చుకుంటూ తీసుకెళ్ళడంలో) ఎడమ మణికట్టు తిప్పే పని ఫ్లోర్‌బాల్‌లో అవసరమే లేదు, ఎందుకంటే అక్కడ బ్లేడ్ (స్టిక్ కింది పలక) రెండు వైపులా వాడొచ్చు. ఇది ముందే ఒప్పుకుని దిగితే కింద చెప్పే మన హాలు రూల్స్ ఎందుకు పెట్టుకోవాలో అర్థమవుతుంది.

2. హాలు చూసుకోవడం

అధికారిక ఫ్లోర్‌బాల్ కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. చుట్టూ అర మీటరు ఎత్తు బోర్డులు ఉంటాయి. మనకు అంత అక్కర్లేదు. ఒక బాడ్మింటన్ కోర్టు (13.4 × 6.1 మీటర్లు) ఉంటే ఆరుగురికి డ్రిల్స్ చేయించవచ్చు. పక్కపక్కన రెండు కోర్టులుంటే తొమ్మిది మంది హాయిగా ఆడతారు. బాస్కెట్‌బాల్ కోర్టు దొరికితే అంతకంటే కావాల్సింది లేదు.

చెన్నైలో చాలామందికి తట్టని చోటు కల్యాణ మండపం. తమిళుల మార్గళి, అంటే మన ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా మండపాలు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. మేనేజర్ దగ్గరికి బంతి, స్టిక్ పట్టుకెళ్ళి చూపించండి. 23 గ్రాముల బంతిని చేత్తో పట్టుకుని చూశాక అద్దాలు పగులుతాయన్న భయం సగం పోతుంది. ఇండోర్ హాకీ ఆడిస్తామంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు, ఆ గట్టి బంతికి గోడలూ టైల్సూ దెబ్బతింటాయి.

హాలు ఖాయం చేసే ముందు:

- స్తంభాలు ఉన్నాయా? ఉంటే నడుము ఎత్తు దాకా పరుపు చుట్టి తాడుతో కట్టగలరా?
- నేల పాలిష్ చేసిన గ్రానైటా? వాన రోజు చెమ్మ పడితే అది జారుతుంది. అరికాలితో రుద్ది చూడండి.
- గుమ్మం దగ్గర తడి చెప్పులు విడవడానికి చోటుందా? ఆడే బూట్లు హాల్లోకి వచ్చాకే వేసుకోవాలి.
- ఫ్యాన్లు, కిటికీలు పనిచేస్తున్నాయా? మూసిన హాల్లో ఉక్కపోతకు పిల్లలు బయటికన్నా త్వరగా డీలా పడతారు.
- గోడకూ ఆడే గీతకూ మధ్య కనీసం ఒక మీటరు ఖాళీ ఉందా?

బోర్డులకు బదులు స్కూలు బెంచీలు పక్కకు పడుకోబెట్టండి. కూర్చునే పలక లోపలి వైపుకు ఉండాలి. బంతి దానికి తగిలి తిరిగొస్తుంది, పాస్ డ్రిల్స్‌కి గోడలా పనికొస్తుంది.

3. స్టిక్, బంతి, మిగతా సామాను

ఎక్కువ మంది తప్పు చేసేది స్టిక్ కొనేటప్పుడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఎడమా కుడా: ఫ్లోర్‌బాల్ స్టిక్‌లు ఎడమ, కుడి అని రెండు రకాలు. హాకీలో ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉంటుంది. దానికి సరిపోయేది కుడి స్టిక్. ఎడమచేతి వాటం పిల్లలకు కూడా కుడిదే కొనండి, హాకీలో వాళ్ళకంటూ వేరే స్టిక్ లేదు కదా. స్టిక్‌ను ముందుకు చాపి బ్లేడ్ నేలకు ఆనిస్తే బ్లేడ్ గుంట ఎడమ వైపుకు చూడాలి. హాకీ స్టిక్ చదును ముఖం చూసేదీ అటే. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు ఎల్, ఆర్ అక్షరాలు రెండుసార్లు చూసుకోండి.

పొడవు: పిల్లవాడు బూట్లతో నిలబడితే స్టిక్ బొడ్డు దాకా రావాలి. మామూలు ఫ్లోర్‌బాల్ ఆటగాళ్ళు బొడ్డుకు కొంచెం పైదాకా పెట్టుకుంటారు. మన పిల్లలకు బొడ్డు దాటకూడదు. స్టిక్ పొడవైతే నిటారుగా నిలబడి ఆడటం మొదలెడతారు, హాకీలో కావాల్సిన వంగిన భంగిమ పోతుంది. "పెరిగే పిల్లాడు, ఓ సైజు పెద్దది కొందాం" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

వంగుడు: స్టిక్ మీద 36, 32, 29 లాంటి అంకె ఉంటుంది. రెండు చివర్లా ఆనించి మధ్యలో దాదాపు 30 కిలోల బరువు పెడితే ఎన్ని మిల్లీమీటర్లు వంగుతుందో చెప్పే అంకె అది. అంకె పెద్దదైతే స్టిక్ మెత్తన. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకు 34-36, ఆపైన 30-32 చాలు. పైనుంచి కోసి పొట్టి చేస్తే స్టిక్ బిరుసెక్కుతుంది, అందుకని సరైన పొడవుదే కొనడం మేలు.

బ్లేడ్: వీలైనంత తక్కువ వంపున్నది తీసుకోండి. పెద్ద పిల్లలు వేడిచేసి వంపు పెంచుకోవాలని చూస్తారు, ఒప్పుకోవద్దు. లోతైన గుంటలో బంతి దానంతట అదే ఆగిపోతే పిల్లవాడి చెయ్యి ఏమీ నేర్చుకోదు.

సామాను జాబితా:

- మనిషికో కుడి స్టిక్, అదనంగా రెండు
- మనిషికో బంతి, అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్ఎఫ్ ముద్ర ఉన్నవైతే మంచిది. చవక బంతులు వంకరగా దొర్లుతాయి
- పాలీకార్బనేట్ రక్షణ కళ్ళద్దాలు, అందరికీ
- నేలకు మరకలు పడని గమ్ సోల్ బూట్లు. టర్ఫ్ బూట్లు వద్దు
- షిన్ గార్డులు, మౌత్ గార్డు
- రెండు రంగుల బిబ్స్ (జట్టు గుర్తుకు చొక్కా మీద వేసుకునేవి), ఎనిమిది కోన్లు, నాలుగు స్టూళ్ళు
- నేల తుడవడానికి రెండు పొడి గుడ్డలు
- పిల్లల హాకీ స్టిక్‌లు, నాలుగైదు టెన్నిస్ బంతులు

కళ్ళద్దాల విషయంలో బేరం లేదు. బంతి తేలికే అయినా దగ్గర నుంచి కంటికి తగిలితే ప్రమాదం, ఎత్తిన బ్లేడ్ ఇంకా ప్రమాదం. కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చిన పిల్లాడికి ఆ రోజు స్కోరు రాసే పని ఇవ్వండి.

4. మన హాలు రూల్స్

అసలు ఫ్లోర్‌బాల్ రూల్స్‌లో కొన్ని హాకీకి సరిపడవు. మొదటి రోజే మన హాలుకు ఈ ఆరు రూల్స్ చెప్పి, గోడకు అంటించండి.

- బంతి కాలికి తగిలితే ఫౌల్. ఫ్లోర్‌బాల్‌లో కాలితో ఆపొచ్చు, హాకీలో కుదరదు.
- ప్రత్యర్థికి వీపు పెట్టి బంతిని కాపాడుకుంటూ నిలబడితే ఫౌల్.
- బంతి ఎడమ వైపు వస్తే కాళ్ళు కదిపి దాన్ని కుడి వైపుకు తెచ్చుకోవాలి. బ్లేడ్ వెనక వైపుతో పాస్ ఇవ్వకూడదు.
- వెనక్కి ఊపేటప్పుడు బ్లేడ్ మోకాలు దాటకూడదు. ఈడ్చి వదిలే షాట్ మాత్రమే.
- స్టిక్‌తో స్టిక్‌ను కొట్టకూడదు, ఎత్తకూడదు.
- మోకాలి పైకి లేచిన బంతిని స్టిక్‌తో ముట్టుకోకూడదు.

రెండోది అన్నిటికంటే ముఖ్యం. ఫ్లోర్‌బాల్‌లో ఒంటిని అడ్డుపెట్టి బంతి కాపాడుకోవడం మామూలే. హాకీలో అది అబ్‌స్ట్రక్షన్. నెల రోజులు హాల్లో ఈ అలవాటు పడిన పిల్లవాడు గ్రౌండ్‌లో దిగగానే వరసగా ఫౌల్స్ ఇస్తాడు, తానేం తప్పు చేశాడో వాడికే తెలియదు. ఎంత చిన్న ఆట ఆడుతున్నా దీనికి విజిల్ ఊదండి.

5. వార్మప్: 15 నిమిషాలు, తగ్గించొద్దు

గట్టి నేల మీద ఆగి తిరిగే ఆటలో చీలమండలూ మోకాళ్ళూ దెబ్బతింటాయి. ఫిన్లాండ్‌లో మహిళా ఫ్లోర్‌బాల్ జట్ల మీద జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో పరుగు తీరు, బ్యాలెన్స్, గెంతడం, బలం కలిపిన వార్మప్ చేసిన జట్లకు ఎవరూ తగలకుండానే అయ్యే కాలి గాయాలు 66 శాతం తగ్గాయి. మీ జట్టులో ఆడపిల్లలుంటే ఈ పావుగంట మరీ అవసరం.

1. నెమ్మది పరుగు, పక్క అడుగులు, వెనక్కి పరుగు: 4 నిమిషాలు
2. స్టిక్ తల మీద అడ్డంగా పట్టుకుని ఒంటికాలి మీద 20 సెకన్లు, కాలికి మూడుసార్లు
3. గుంజీలు ఎనిమిది, ముందుకు పెద్ద అడుగు వేసి వంగడం ఆరు
4. ముందుకు గెంతి చప్పుడు కాకుండా దిగి రెండు సెకన్లు అలాగే నిలబడటం, ఎనిమిది సార్లు
5. ఐదు మీటర్లు పరుగెత్తి ఆగడం, దిశ మార్చడం: 3 నిమిషాలు

నాలుగోదాంట్లో మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయేమో చూడండి. వాలితే ఎత్తు తగ్గించి మళ్ళీ చేయించండి.

6. సెషన్ క్రమం

హాలు గంటన్నరకు తీసుకోండి. వార్మప్, నీళ్ళ విరామాలు పోను ఐదు అంచెలు. వరస మార్చొద్దు. పిల్లలు రాగానే మ్యాచ్ కావాలంటారు, కానీ అలిసిన చేతులతో మెత్తగా అందుకోవడం నేర్చుకోలేరు.

*మొదటి అంచె: బంతి మీద చెయ్యి (10 నిమిషాలు)*

కాళ్ళు భుజాలకంటే వెడల్పుగా, మోకాళ్ళు వంచి నిలబడాలి. బంతి రెండు పాదాల మధ్య కాకుండా కుడికాలి ముందు కొంచెం పక్కగా ఉండాలి. అక్కడినుంచి కుడికీ ఎడమకూ ఈడ్చడం, రెండు కోన్ల చుట్టూ ఎనిమిది అంకె వేయడం, కోన్ల మధ్య నడుస్తూ తర్వాత పరుగెత్తుతూ తీసుకెళ్ళడం.

ఇక్కడ చెవితో కోచింగ్ ఇవ్వొచ్చు. టకటక మని చప్పుడైతే బంతిని పొడుస్తున్నారని. సర్రుమని జారే చప్పుడే రావాలి. కళ్ళు మూసుకుని విన్నా ఎవరి చెయ్యి బిగుసుకుందో తెలిసిపోతుంది.

*రెండో అంచె: మెత్తగా అందుకోవడం (10 నిమిషాలు)*

ఇద్దరిద్దరుగా నాలుగు మీటర్ల దూరం. బంతి తగిలే క్షణంలో బ్లేడ్ బంతితోపాటు ఒక జానెడు వెనక్కి రావాలి. పచ్చిగుడ్డును పట్టుకున్నట్టు అంటే చిన్నపిల్లలకు వెంటనే అర్థమవుతుంది. పది పాస్‌లు ఎగరకుండా అందితే ఒక అడుగు వెనక్కి జరగమనండి. ఎగిరితే ఒక అడుగు ముందుకు.

ఒంటరి పిల్లవాడుంటే బెంచీకి కొట్టి అందుకోవచ్చు. 30 సెకన్లలో శుభ్రంగా ఎన్ని అందాయో ప్రతి వారం నోటుపుస్తకంలో రాయండి. మొత్తం సెషన్‌లో లెక్క రాయాల్సింది ఇదొక్కటే.

*మూడో అంచె: చూసి అందుకోవడం (15 నిమిషాలు)*

ఫ్లోర్‌బాల్ ఆడించడంలో అసలు లాభం ఇక్కడుంది. పెద్ద గ్రౌండ్‌లో బంతి ఒక పిల్లవాడి దగ్గరికి రావడమే అరుదు. వచ్చేముందు చుట్టూ చూసే అలవాటు ఎప్పటికి పడుతుంది? హాల్లో పది నిమిషాల్లో డజన్ల కొద్దీ సార్లు వస్తుంది.

తేలిక మెట్టు: బంతి తీసుకెళ్ళే పిల్లాడికి ఎదురుగా మీరు నిలబడి వేళ్ళు చూపించండి. ఎన్నో అరిచి చెప్పాలి. ఆగకుండా చెప్పగలిగితే వేళ్ళు మార్చే వేగం పెంచండి.

మధ్య మెట్టు: పాస్ ఇచ్చేవాడు ముందు, మీరు అందుకునేవాడి వెనక. బంతి బయల్దేరేలోపు అందుకునేవాడు భుజం మీదుగా వెనక్కి చూసి, మీ చేతిలో ఉన్న బిబ్ రంగు చెప్పాలి. ఎరుపైతే బంతి వచ్చిన వైపే మళ్ళీ పాస్, పసుపైతే ఒళ్ళు తిప్పి బంతితో ముందుకు.

కష్టమైన మెట్టు: బిబ్ బదులు ఒక డిఫెండర్. వాడు కుడి నుంచి వస్తాడో ఎడమ నుంచో తన ఇష్టం. అందుకునేవాడు ముందే చూసి ఖాళీ వైపుకు మొదటి టచ్‌తోనే బంతి తిప్పాలి.

మొదటి మెట్టులో పది మందిలో ఏడుగురు తడబడకుండా చేస్తేనే రెండోదానికి వెళ్ళండి. రెండు మూడు వారాలు ఒకే మెట్టు మీద ఉండిపోయినా ఫరవాలేదు.

*నాలుగో అంచె: చిన్న ఆటలు (20 నిమిషాలు)*

తొమ్మిది మందిని మూడు జట్లు చేయండి. రెండు జట్లు లోపల ముగ్గురికి ముగ్గురు. మూడో జట్టు బయట గీత మీద నిలబడి, ఎవరు పాస్ ఇచ్చినా ఒకే టచ్‌లో వాళ్ళకే తిరిగిస్తుంది. ఒక్కో ఆట 90 సెకన్లు, మారడానికి 30 సెకన్లు.

గోల్‌పోస్టుకు బదులు స్టూలు వాడండి. ఒక్కో చివర మూలకొకటి చొప్పున రెండు స్టూళ్ళు పడుకోబెట్టండి, బంతి స్టూలుకు తగిలితే గోల్. గోల్‌కీపర్ ఉండడు. ఒక వైపు దారి మూసుకుపోతే తల ఎత్తి రెండో వైపు చూడక తప్పదు. బయటివాళ్ళతో ఆడి కొట్టిన గోల్‌కు రెండు పాయింట్లు.

"మూడు పాస్‌లు అయ్యాకే గోల్" అనే రూల్ చాలామంది పెడతారు. నేను పెట్టను. పిల్లలు చూడకుండా మూడు అంకె కోసం పాస్‌లు ఇస్తారు, నాలుగోసారి కళ్ళు మూసుకుని కొడతారు.

*ఐదో అంచె: హాకీ స్టిక్ (10 నిమిషాలు)*

ఈ పది నిమిషాలు ఎగ్గొడితే తల్లిదండ్రుల భయం నిజమవుతుంది. ఫ్లోర్‌బాల్ స్టిక్‌లు పక్కన పెట్టి హాకీ స్టిక్, టెన్నిస్ బంతి తీసుకోండి. టెన్నిస్ బంతి బరువు 58 గ్రాముల చుట్టూ ఉంటుంది. రెండు బంతుల మధ్య బరువు కావడంతో చెయ్యి మెల్లగా సర్దుకుంటుంది, హాలుకూ నష్టం లేదు.

- ఇండియన్ డ్రిబుల్, నిలబడి రెండు నిమిషాలు, నడుస్తూ రెండు నిమిషాలు
- రివర్స్‌తో (స్టిక్ తిరగేసి) ఆపడం, ఎడమ వైపు నుంచి వచ్చే పదిహేను బంతులు
- పుష్ పాస్ (స్టిక్ వెనక్కి ఊపకుండా బంతిని నెట్టడం), మనిషికి ఇరవై. హిట్ వద్దు

7. తరచూ కనిపించే తప్పులు

ఒంటిచేత్తో ఆట. స్టిక్ తేలిక కదా, కుడిచెయ్యి వదిలేస్తారు. బంతికి రెండు మీటర్ల దూరంలో ఉంటే రెండు చేతులూ స్టిక్ మీద ఉండాల్సిందే అని చెప్పండి, లేకపోతే ఫౌల్.

నిటారుగా నిలబడటం. ముందు స్టిక్ పొడవు చూడండి. అది సరిగ్గా ఉంటే తొడల్లో బలం లేదని అర్థం, గుంజీలు పెంచండి. "వంగు వంగు" అని అరిస్తే నడుము వంచుతారు, నొప్పి తెచ్చుకుంటారు. "మోకాళ్ళు" అని ఒక్క మాట చాలు.

బంతి గాల్లోకి లేవడం. బ్లేడ్ ముఖం పైకి తెరుచుకుంటోంది. పాస్ అయ్యాక బ్లేడ్ కొస ఎవరికి ఇచ్చామో వాళ్ళ కాళ్ళ వైపు చూపించాలని చెప్పండి.

జారిపోవడం. బూటు అడుగున దుమ్ము, నేల మీద చెమట. ప్రతి విరామంలో పిల్లలతోనే నేలా బూట్ల అడుగూ తుడిపించండి. పౌడర్ చల్లొద్దు.

గోల మరో సమస్య. అపార్ట్‌మెంట్ హాళ్ళలో రాత్రి ఎనిమిది దాటాక ఆడిస్తే రెండో వారంలో హాలు పోతుంది. సాయంత్రం ఐదున్నరకే మొదలెట్టండి.

8. గోల్‌కీపర్లు, రోలర్ హాకీ పిల్లలు

ఫ్లోర్‌బాల్ గోల్‌కీపర్ స్టిక్ లేకుండా మోకాళ్ళ మీద ఆడతాడు. హాకీ గోల్‌కీపర్‌కు ఆ భంగిమ అక్కర్లేదు. సగం సెషన్ మామూలు ఆటగాడిగా ఆడించండి, మిగతా సగం హెల్మెట్, ప్యాడ్లు వేసుకుని నిలబడే షాట్లు ఆపమనండి. హెల్మెట్ లేకుండా గోల్‌లో ఎవరినీ నిలబెట్టొద్దు.

రోలర్ హాకీ, ఐస్ హాకీ పిల్లలుంటే వాళ్ళకు రూల్స్ సడలించవచ్చు. బ్లేడ్ రెండు వైపులా వాడటం, ఒంటితో బంతి కాపాడుకోవడం వాళ్ళ ఆటలోనూ ఉన్నవే. స్టిక్ కూడా వాళ్ళు ఆడే చేతివాటానిదే ఇవ్వండి.

9. వారంలో ఎన్ని రోజులు, గ్రౌండ్‌కు ఎప్పుడు

వాన నెలల్లో వారానికి రెండు సెషన్లు చాలు. వాన ఆగి గ్రౌండ్ ఆరిన రోజు హాలు బుక్ అయి ఉన్నా సరే, గ్రౌండ్‌కే వెళ్ళండి. టోర్నమెంటుకు పది రోజుల ముందు ఫ్లోర్‌బాల్ పూర్తిగా ఆపేయండి.

చాలా రోజుల తర్వాత గ్రౌండ్‌లో దిగిన మొదటి రోజు బంతి బరువుగా, నెమ్మదిగా అనిపిస్తుంది. పాస్‌లు సగం దూరంలోనే ఆగిపోతాయి. పిల్లలు కంగారుపడి బలం పెడతారు. ఆ రోజు క్రమం ఇలా ఉండాలి:

1. అసలు హాకీ బంతితో నిలబడి ట్రాప్ (వచ్చే బంతిని స్టిక్‌తో ఆపడం), ఐదు మీటర్లలో పుష్: 15 నిమిషాలు
2. ఇండియన్ డ్రిబుల్, రివర్స్ ట్రాప్: 15 నిమిషాలు
3. హాల్లో చేసిన బిబ్ రంగు డ్రిల్, ఈసారి పది మీటర్ల పాస్‌తో: 15 నిమిషాలు
4. ఐదుగురికి ఐదుగురు ఆట, పుష్ మాత్రమే

హిట్, డ్రాగ్ ఫ్లిక్ మూడో రోజు నుంచి మొదలెట్టండి. నెలల తరబడి 23 గ్రాముల బంతితో ఆడిన మణికట్టుకు, నడుముకు మళ్ళీ బరువు అలవాటు కావాలి. మొదటి మూడు రోజులు ప్రాక్టీసు అయ్యాక మణికట్టు నొప్పి ఉందా అని ఒక్కొక్కరినీ అడగండి. ఉందన్నవాళ్ళకు హిట్ ఇంకో వారం ఆపండి.